గర్భిణికి రక్తం తగ్గకుండా తిండి గురించి ఎలా చెప్పాలి: బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ల కోసం

మీ వఠారంలోనో, మీ ఇంట్లో పనికి వచ్చేవాళ్లలోనో, మీతో పాటు గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టేవాళ్లలోనో ఒక తెలుగమ్మాయి కడుపుతో ఉందనుకోండి. ఆమె తాయి కార్డులో, అంటే గర్భిణికి ఆస్పత్రిలో ఇచ్చే కార్డులో, హిమోగ్లోబిన్ 9.4 అని రాసి ఉంటుంది. ఆస్పత్రిలో నర్సమ్మ కన్నడంలో "రక్తం తక్కువుంది, సొప్పు (ఆకుకూర) తినమ్మా, మాత్రలు వేసుకో" అని చెప్పి పంపేసి ఉంటుంది, వెనక పెద్ద వరస ఉంది కాబట్టి అంతకుమించి ఆమె మాత్రం ఏం చెప్తుంది. ఈ అమ్మాయి ఇంటికొచ్చి ఒక బీట్‌రూట్ కొంటుంది, రెండు రోజులు మాత్ర వేసుకుంటుంది, వాంతి వచ్చినట్టయితే ఆ అట్టను డబ్బా వెనక పెట్టేస్తుంది. నెల తర్వాత మళ్లీ చూస్తే 9.1.

ఆ మధ్యలో జరగాల్సిన మాట గురించే ఇది. మీరు ఆశా కార్యకర్త కావచ్చు, వాలంటీరు కావచ్చు, ఆమె అత్తగారో అక్కో కావచ్చు. డాక్టరు పని మీరు చేయక్కర్లేదు, చేయకూడదు కూడా. డాక్టరు చెప్పిన రెండు ముక్కలు ఆమె రోజులో ఎక్కడ, ఏ గంటకు, దేనితో ఇముడుతాయో కనిపెట్టి చెప్పడమే మీ పని. ఏం తినాలో చాలామందికి తెలుసు. ఎప్పుడు తినాలి, దేనితో కలిపి తినకూడదు, మాత్ర ఎందుకు మానేశావు అని అడిగేవాళ్లే లేరు.

ముందు కార్డు చూడండి

మాట మొదలుపెట్టే ముందు అంకె తెలుసుకోండి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గానీ ఆపైన గానీ ఉండాలి. 10 నుంచి 10.9 దాకా ఉంటే కొద్దిగా తక్కువ, 7 నుంచి 9.9 దాకా ఉంటే ఒక మాదిరి రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. 7 లోపు ఉన్న మనిషికి తోటకూర గురించి చెప్తూ కూర్చోకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆమెకు సెలైన్‌లా ఎక్కించే ఐరన్ కావాలేమో, ఆస్పత్రిలో చేర్చుకోవాలేమో అక్కడివాళ్లే చూస్తారు. 5 లోపు ఉంటే, లేదా అంకె ఎంతైనా సరే కూర్చున్నచోటే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే 108కి ఫోన్ చేయడమే.

ఇది అరుదైన జబ్బేం కాదని కూడా ఆమెకు చెప్పండి, చాలామంది "నాకే ఎందుకిలా" అని భయపడతారు, ఇంట్లోవాళ్లు "ఏం తింటున్నావసలు" అని నిందిస్తారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే సగం మందికి పైనే. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇది రాదనుకోవద్దు, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రోజుకు నాలుగు కాఫీలు తాగుతూ మధ్యాహ్నం భోజనం మూడింటికి తినే అమ్మాయిలకూ ఇదే కథ.

ఎందుకు తగ్గుతుందో ఒక్క మాటలో చెప్పగలిగితే ఆమె శ్రద్ధ పెడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, కానీ అందులోని నీటి భాగం పెరిగినంతగా ఎర్రకణాలు పెరగవు, చిక్కటి పప్పులో నీళ్లు పోసినట్టన్నమాట. పైగా బిడ్డకు, మాయకు, కాన్పులో పోయే రక్తానికి కలిపి నవమాసాల్లో సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మన ఆడపిల్లల్లో చాలామంది పెళ్లినాటికే ఖాళీ నిల్వలతో ఉంటారు. అంత లోటు ఒక్క తిండితో పూడదు, అందుకే మాత్ర.

పరీక్ష ఎక్కడ అంటారా. వార్డుల్లో నమ్మ క్లినిక్‌లు ఉన్నాయి, పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి, కార్పొరేషన్ ప్రసూతి ఆస్పత్రులున్నాయి, పెద్ద కేసు అయితే కె.ఆర్. మార్కెట్ దగ్గర వాణీ విలాస్ ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూసే రోజు ఒకటి ఉంది, 2016లో మొదలైంది, ఫ్యాక్టరీలో సెలవు అడగాలన్నా "9వ తారీకు ఆస్పత్రి" అని ముందే చెప్పుకోవచ్చు. "మాది అనంతపురం, మాకు ఇక్కడ కార్డు లేదు" అని ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు లేబర్ షెడ్లలో చాలామంది ఉన్నారు. ఊరి కార్డు, ఆధార్ తీసుకుని అడగమనండి, భాష ఇబ్బందైతే మొదటిసారి మీరే వెంట వెళ్లండి. ఆ ఒక్కసారి వెళ్తే చాలు, తర్వాత ఆమే వెళ్తుంది.

నిన్న ఏం తిన్నావో చెప్పు అని అడగండి

"బాగా తింటున్నావా" అని అడిగితే "ఆ, తింటున్నా అక్కా" అంటారు. దాని వల్ల మీకేం తెలీదు. నిన్నటి రోజును గంట గంటా అడగండి. పొద్దున లేవగానే ఏం తాగావు, ఎన్నింటికి. టిఫిన్ తిన్నావా, డబ్బా కట్టుకుని పోయావా. డబ్బాలో ఏముంది. టీ ఎన్నిసార్లు, అన్నం తిన్న ఎంతసేపటికి. రాత్రి ఎవరు వండారు, నువ్వు ఎప్పుడు తిన్నావు, అందరూ తిన్నాకేనా, అప్పటికి కూర మిగిలిందా.

చివరి ప్రశ్న నెమ్మదిగా అడగాలి. ఇంట్లో ఉన్న ఒక్క గుడ్డు ఎవరికి వెళ్తుందో అక్కడే తెలుస్తుంది.

గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్లే ఒక అమ్మాయి రోజు సాధారణంగా ఇలా ఉంటుంది: ఆరింటికి టీ, రెండు బిస్కెట్లు. టిఫిన్‌కు టైం లేదు. పదకొండుకి బ్రేక్‌లో టీ. ఒంటిగంటకు చిత్రాన్నమో, పులిహోరో, సారూ అన్నమో. నాలుగున్నరకు మళ్లీ టీ. రాత్రి తొమ్మిదికి ముద్దో అన్నమో, పలుచటి చారు, మజ్జిగ. ఇందులో పప్పు లేదు, ఆకుకూర లేదు, పండు లేదు, ఉన్న కాస్త ఐరన్‌ను కూడా టీ పట్టి ఆపేస్తోంది. ఇది చూశాక ఆమెకు పెద్ద లిస్టు ఇవ్వబుద్ధి కాదు, రెండు చోట్ల సర్దుదాం అనిపిస్తుంది. సరిగ్గా అదే చేయాలి.

ఇంకోటి తప్పకుండా అడగండి, కానీ నలుగురి ముందు వద్దు: బలపాలు, మట్టి, సున్నం గోడ పెచ్చు, పచ్చి బియ్యం, విభూతి లాంటివి తినాలనిపిస్తోందా అని. "అది చిన్నపిల్లల పని" అని సిగ్గుపడి చెప్పరు. ఈ కోరిక ఐరన్ తక్కువైనవాళ్లలో తరచుగా కనిపిస్తుంది, అది చెడలవాటు అని తిడితే దాచుకుని తింటారు. "చాలామందికి అలా ఉంటుందమ్మా, డాక్టరమ్మకు చెప్దాం, రక్తం పట్టాక ఆ యావ తగ్గుతుంది" అనండి. మట్టితో నులిపురుగులు కూడా వస్తాయి, అవి ఉన్న రక్తాన్నీ తాగేస్తాయి. నాలుగో నెల దాటాక ఆస్పత్రిలో నులిపురుగుల మాత్ర ఒకటి ఇస్తారు, ఆల్బెండజోల్ 400, ఇచ్చారో లేదో కార్డులో చూడండి. మొదటి మూడు నెలల్లో మాత్రం అది వేసుకోకూడదు. షెడ్లలో ఉండేవాళ్లకు బయటికి పోయేటప్పుడు చెప్పులేసుకోమని చెప్పడం కూడా ఇక్కడే చెప్పేయండి, కొంకిపురుగు అనే నులిపురుగు అరికాలి చర్మంలోంచే లోపలికి పోతుంది.

మాత్ర గురించి ఎక్కువసేపు మాట్లాడండి

మీ దగ్గర పది నిమిషాలే ఉంటే ఆరు నిమిషాలు మాత్రకే ఇవ్వండి అంటాను. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తారు, బిడ్డ వెన్ను, మెదడు సరిగ్గా ఏర్పడటానికి. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఎర్ర మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కనీసం 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. రక్తం 11 లోపు ఉంటే రోజుకు రెండు వేసుకోమంటారు, అయితే అది డాక్టరు చెప్పాలి, మీరు పెంచకండి. ప్రైవేటులో చూపించుకునేవాళ్లకు వేరే పేర్లతో మాత్రో సిరప్పో రాస్తారు, పని అదే, రాసిచ్చిన మోతాదే వాడాలి, అవీ ఇవీ కలిపి వేసుకోకూడదు.

మాత్ర ఎందుకు మానేశావని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు, అన్నింటికీ ఒకటే జవాబు ఇవ్వకండి.

వాంతి వచ్చినట్టుంది అంటే: పొద్దున పరగడుపున వేసుకోవద్దను. రాత్రి భోజనమయ్యాక గంట రెండు గంటలాగి, పడుకునే ముందు వేసుకోమను. నిద్రలో వికారం తెలీదు. ఖాళీ కడుపున ఐరన్ ఎక్కువ వంటబడుతుందనేది నిజమే, కానీ వేసుకుని కక్కేసే మాత్ర కంటే అన్నం తర్వాత కడుపులో నిలిచే మాత్ర నయం. కొన్ని రోజులకు ఒళ్లు అలవాటు పడుతుంది.

మలబద్ధకం అంటే: నీళ్లు ఎక్కువ తాగడం, ఆకుకూర, జామపండు, కాస్త నడక. ఫ్యాక్టరీల్లో, సైట్లలో పనిచేసే ఆడవాళ్లు బాత్‌రూమ్‌కి పోవాల్సి వస్తుందని నీళ్లే తాగరు. ఇది ఆమె తప్పు కాదు, అక్కడి ఏర్పాట్ల తప్పు. అయినా ఇంట్లో ఉన్న గంటల్లోనైనా పొద్దునా రాత్రీ బాగా తాగమని చెప్పండి, సూపర్‌వైజర్‌తో మాట్లాడగలిగితే మాట్లాడండి.

విరేచనం నల్లగా వస్తోంది అంటే: మాత్ర వల్ల అలాగే వస్తుంది, భయం లేదు. ఈ ముక్క మొదటి రోజే ముందుగా చెప్పేస్తే సగం మంది మానేయకుండా ఉంటారు.

బిడ్డ నల్లగా పుడుతుందట కదా అంటే: ఇది మెల్లగా, గట్టిగా చెప్పాలి. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేది, ఐరన్ మాత్రకూ దానికీ ఏ సంబంధమూ లేదు, కుంకుమపువ్వుకూ లేదు. ఈ మాట సాధారణంగా ఆమెది కాదు, ఇంట్లో ఎవరో అన్నది. ఎవరన్నారో తెలుసుకుని ఆ మనిషికి కూడా చెప్పండి.

ఇప్పుడు అసలైన చిక్కు. ఆస్పత్రిలో ఐరన్‌తో పాటు కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు, రోజుకు రెండు. చాలామంది అన్నీ ఒకే గుక్కలో మింగేస్తారు, పాలతో. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, పాలు అంతే, టీ కాఫీ అంతకంటే ఎక్కువ. గ్యాస్ మాత్ర, ఈనో లాంటివీ అడ్డమే. కాబట్టి కాల్షియం ఒకటి పొద్దున టిఫిన్ తర్వాత, ఒకటి మధ్యాహ్నం భోజనం తర్వాత, ఐరన్ రాత్రి పడుకునే ముందు నిమ్మకాయ పిండిన నీళ్లతో. రెంటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం. రాత్రి పాలు తాగే అలవాటుంటే సాయంత్రానికి జరపండి. ఈ టైములు కార్డు వెనక తెలుగులో రాసిపెట్టండి, చదువు రాకపోతే సూర్యుడు, చంద్రుడు బొమ్మ గీసి దాని పక్కన మాత్ర అట్ట అంటించండి. ఫోన్‌లో అలారం పెట్టడం ఇంకా తేలిక, అట్టను మాత్రం కళ్లకు కనిపించేచోట, పిల్లలకు అందనిచోట పెట్టమనండి, ఐరన్ మాత్రలు చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం.

వంట మార్చేముందు టీ టైం మార్చండి

తిండిలో మొదటి మార్పుకు పైసా ఖర్చు లేదు. అన్నం తినడానికి ఒక గంట ముందు, తిన్నాక ఒక గంట వరకు టీ కాఫీలు వద్దు, అంతే. టీ మానేయమని చెప్తే ఎవరూ మానరు, పొద్దున్నుంచి నిలబడి పనిచేసే మనిషికి అదే ఆసరా. జరపమని చెప్తే జరుపుతారు. బ్రేక్ టైము చేతిలో లేనివాళ్లకు ఆ బ్రేక్‌లో టీ బదులు వేరుశనగ ఉండో, పండో పెట్టుకుపొమ్మనండి, రోజుకు ఒక్క టీ తగ్గినా లాభమే.

రెండో మార్పు నిమ్మకాయ. పప్పులో, ఆకుకూరలో, చిరుధాన్యాల్లో ఉండే ఐరన్ మన ఒంటికి అంత సులువుగా పట్టదు, విటమిన్ సి తోడైతే పడుతుంది. తోటకూర పప్పు మీద నిమ్మరసం పిండుకోవడం, పప్పన్నంలో ఉసిరికాయ పచ్చడి నంజుకోవడం, భోజనం చివర ఒక జామకాయ కొరకడం, ఇవే. నిమ్మరసం దించాక పిండాలి, పొయ్యి మీద మరిగిస్తే అందులో విటమిన్ సి పోతుంది. జామకాయ గురించి కాస్త గట్టిగా చెప్తాను, ఎందుకంటే బెంగళూరులో ప్రతి సందు చివరా బండి మీద దొరుకుతుంది, నారింజ కంటే చాలా ఎక్కువ విటమిన్ సి ఉంటుంది, అయినా ఆస్పత్రికి చూడ్డానికి వెళ్లేవాళ్లు డబ్బు పోసి యాపిల్, దానిమ్మ పట్టుకెళ్తారు. ఎర్రగా ఉన్నవి తింటే రక్తం పడుతుందనే నమ్మకం మనలో చాలా లోతుగా ఉంది. బీట్‌రూట్‌లోనూ దానిమ్మలోనూ 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. తినకూడదని కాదు, మంచివే, కానీ వాటినే మందుగా నమ్ముకుని ఆ డబ్బుతో గుడ్లు, పప్పు కొనకపోతే నష్టం ఆమెదే.

మరి ఏవి తినాలి అంటే ఆమె ఇంట్లో వండేవాటిలోంచే తీయండి. తోటకూర, మునగాకు, గోంగూర, పాలకూర, మెంతికూర. ఇక్కడి బజారులో దంటిన సొప్పు అంటే తోటకూర, నుగ్గె సొప్పు అంటే మునగాకు, మెంత్య సొప్పు మెంతికూర. మునగచెట్టు లేని వీధి బెంగళూరులో అరుదు, అడిగితే రెండు రెమ్మలు ఎవరూ కాదనరు. ఉలవలు, హురళికాళు అంటారు ఇక్కడ, రాయలసీమ వాళ్లకు ఉలవచారు చెప్పాల్సిన పనే లేదు. కానీ చారొక్కటే తాగి గింజల్ని పక్కన పెట్టొద్దు, గుగ్గిళ్లుగా తినాలి. పెసలు, శనగలు, అలసందలు రాత్రి నానబెట్టి, వీలైతే మొలక వచ్చాక వండితే వాటిలోని ఐరన్ బాగా అందుతుంది. నువ్వులు, వేరుశనగలు బెల్లంతో ఉండలు చేసుకోవచ్చు, అయితే బెల్లంలో ఐరన్ ఉందని గుప్పెళ్లకు గుప్పెళ్లు తినక్కర్లేదు, ముఖ్యంగా షుగర్ ఉందని తేలిన గర్భిణికి ఉండలు, ఖర్జూరాలు డాక్టరును అడక్కుండా చెప్పకండి.

రాగుల గురించి ఇక్కడ ఒక మాట. బెంగళూరుకు వచ్చాక మనవాళ్లు కూడా రాగిముద్దకు బాగా అలవాటు పడ్డారు, సీమవాళ్లకు అది పుట్టినింటి తిండే. రాగుల్లో కాల్షియం చాలా గొప్పగా ఉంటుంది, ఐరన్ ఓ మాదిరిగా ఉంటుంది, కానీ ఆ ఐరన్‌ను పట్టి ఉంచే ఫైటేట్లు కూడా అందులోనే ఉంటాయి. కాబట్టి "రోజూ రాగి మాల్ట్ తాగుతున్నా, రక్తం పడుతుంది" అనే ధీమా వద్దు. ముద్ద తినొచ్చు, హాయిగా తినొచ్చు, సొప్పు సారుతోనో ఉలవల పులుసుతోనో, పక్కన నిమ్మకాయతో తినండి. వీలైతే మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన పిండి వాడండి. ఐరన్ మాత్ర మాత్రం రాగి మాల్ట్‌తో మింగొద్దు.

మాంసం తినే ఇల్లైతే పని చాలా సులువు. మటన్, చికెన్, చేపల్లోని ఐరన్ తేలిగ్గా ఒంటికి పడుతుంది, పైగా అదే పూట తిన్న పప్పు, ఆకుకూరల్లోని ఐరన్‌ను కూడా పట్టేలా చేస్తుంది. ఆదివారం కిలో తెచ్చి అందరూ ఒక్కరోజే తినేయడం కంటే ఆమెకు వారంలో రెండు మూడు పూటలు రెండేసి ముక్కలు అందేలా చూడటం మేలు. గుడ్డులో ఐరన్ తక్కువే పడుతుంది కానీ మాంసకృత్తులు, విటమిన్ బి12 ఉంటాయి, రోజుకొకటి తినాలి. లివర్ తింటే రక్తం పడుతుందని పెద్దవాళ్లు చెప్పేది అబద్ధం కాదు, కానీ అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ, గర్భంలో బిడ్డకు అది మంచిది కాదు, మొదటి నెలల్లో అసలు వద్దు, తర్వాత కూడా డాక్టరు సరేనంటేనే. నల్ల (మేక రక్తం) వండుకునే ఇళ్లలో బాగా ఉడికించి తినమనండి. అసలు మాంసం, గుడ్డు ముట్టని ఇల్లైతే పాలు, పెరుగు రోజూ ఉండాలి, బి12 సంగతి డాక్టరును అడగాలి, ఎందుకంటే బి12 తక్కువై వచ్చే రక్తహీనత ఐరన్‌తో తగ్గదు.

ఇనుప మూకుడు ఉంటే బయటికి తీయించండి. చింతపండో టమాటానో పడే కూరలు అందులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, వండాక మాత్రం వేరే గిన్నెలోకి తీసేయాలి. రేషన్ బియ్యంలో అక్కడక్కడ వేరే రంగు గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరేస్తుంటారు, అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన బియ్యపు గింజలు, ఏరకుండా వండుకోవాలి. తలసీమియా లాంటి రక్తపు జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఎంత తినాలి అంటే, నాలుగో నెల నుంచి మామూలుగా తినేదానికంటే రోజుకు ఇంకో చిన్న భోజనమంత. మూడు పూటలా ఎక్కువ తినలేకపోతే ఐదు సార్లు కొద్దికొద్దిగా. దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే తప్పక పేరు రాయించండి. కర్ణాటకలో 2017 అక్టోబరు 2 నుంచి మాతృపూర్ణ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం వేడి భోజనం పెట్టడం మొదలుపెట్టారు, గుడ్డు, పాలతో పాటు. పనికి పోయేవాళ్లు ఆ టైంకి వెళ్లలేరన్నది నిజమైన ఇబ్బందే, ఏ వీలు ఉందో అంగన్‌వాడీ టీచర్‌నే అడగండి.

అత్తగారితో, భర్తతో

గర్భిణికి ఒక్కదానికే చెప్పి వచ్చేస్తే ఆ మాట ఆ గదిలోనే ఆగిపోతుంది. వండేది అత్తగారు, కొనేది భర్త. పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఆవిడ మాట వినండి. "పెద్దమ్మా, మీరు ముగ్గురు పిల్లల్ని కన్నారు, అప్పట్లో ఏం పెట్టేవాళ్లు మీకు?" అని అడిగితే ఉలవలు, సజ్జలు, మునగాకు పొడి అన్నీ బయటికొస్తాయి, "అవే పెడదాం పెద్దమ్మా ఈ పిల్లకు" అంటే సరిపోతుంది, మీరు కొత్తగా చెప్పాల్సిందేమీ ఉండదు.

వేడి చేస్తుందనే మాటతో పోట్లాడకండి. బొప్పాయి వద్దంటే వద్దు, జామకాయ ఉంది కదా. ఉలవలు వేడి అంటే పెసలు పెట్టమనండి. నువ్వులు వద్దంటే వేరుశనగలు. ఒకదాన్ని వదులుకుని ఇంకోటి తెచ్చుకోండి. కానీ గుడ్డు, పప్పు, ఆకుకూర మూడూ వద్దంటే, లేదా "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అంటే మాత్రం ఊరుకోవద్దు. "కాన్పులో ఎంతో కొంత రక్తం ఎవరికైనా పోతుంది పెద్దమ్మా, ఒంట్లో ఉన్నదే తక్కువైతే ఆ కాస్త పోయినా తల్లి తట్టుకోలేదు, బిడ్డ నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టొచ్చు" అని సూటిగా చెప్పండి. ఇది భయపెట్టడం కాదు, జరిగేదే.

భర్తకు పెద్ద ఉపన్యాసం వద్దు. మూడు పనులు చెప్పండి: వారానికి ఏడు గుడ్లు ఆమె పేరున తేవడం, రాత్రి మాత్ర వేసుకుందా అని అడగడం, నెలకోసారి ఆస్పత్రికి తోడు వెళ్లడం. మగవాళ్లకు చేయాల్సిన పని స్పష్టంగా చెప్తే చాలామంది చేస్తారు, ఎవరూ అడగకపోవడం వల్లే బయట నిలబడి ఉంటారు.

ఒకసారికి రెండే మార్పులు

మొదటిసారి వెళ్లినప్పుడు పైనున్నవన్నీ చెప్పేయకండి. రెండు ఎంచుకోండి, మామూలుగా అయితే రాత్రి మాత్ర ఒకటి, టీ టైం ఒకటి. చివర్లో "సరే, రేపటి నుంచి ఏం చేస్తావో నాకు చెప్పు" అని ఆమె నోటితో చెప్పించండి. తప్పు చెప్తే మీరు చెప్పిన తీరు బాగాలేదని అర్థం, ఇంకోలా చెప్పండి. పది పదిహేను రోజులకు మళ్లీ వెళ్లి మాత్రల అట్ట చూపించమనండి, పరీక్ష పెట్టినట్టు కాకుండా, "ఎలా ఉంది, పడుతోందా" అని. అప్పుడు నిమ్మకాయ, ఆ తర్వాత మొలకలు.

నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష. సరిగ్గా వేసుకుంటే నెలలో సుమారు ఒక పాయింటు పెరగాలి. పెరగలేదంటే ముందు మాత్ర నిజంగా మింగుతోందా, కాల్షియంతో కలిపేస్తోందా అని చూడండి. అవన్నీ సరిగ్గానే ఉంటే ఆస్పత్రికి పంపండి, తలసీమియా లక్షణమో, బి12 లోపమో, ఇంకేదైనా ఇన్ఫెక్షనో ఉండొచ్చు, వాటికి వేరే పరీక్షలున్నాయి. "ఇంకో నెల చూద్దాం" అని మీరే నిర్ణయించకండి, ఏడో నెల దాటాక అసలే టైం ఉండదు.

మనవాళ్ల విషయంలో ఒక గండం ప్రత్యేకంగా ఉంది. ఏడో నెలలోనో తొమ్మిదిలోనో శ్రీమంతం చేసి పుట్టింటికి పంపిస్తారు, కర్నూలుకో, చిత్తూరుకో, హిందూపురానికో. బస్సెక్కిన రోజున మాత్రలు ఆగిపోతాయి. చీరలు, గాజులు సర్దుకుంటుంది, కార్డు ఇక్కడే ఉండిపోతుంది. కాబట్టి బయల్దేరే ముందు వారం వెళ్లి కార్డు, స్కాన్ కాగితాలు, రక్తపరీక్ష చీటీలు, కనీసం నెలకు సరిపడా మాత్రలు ఒక కవరులో పెట్టించి బ్యాగులో వేయించండి, వాళ్లమ్మకు ఫోన్ చేసి ఏ మాత్ర ఎప్పుడో చెప్పండి, వెళ్లిన వారంలోనే అక్కడి ఆశాను గానీ ఏఎన్ఎంను గానీ కలవమనండి.

కాన్పు తర్వాత పథ్యం పేరుతో చాలా ఇళ్లలో ఆకుకూర, పప్పు, పండ్లు అన్నీ ఆపేసి కారప్పొడీ అన్నంతో నెల గడిపేస్తారు, నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. రక్తం పోయిన ఒంటికి సరిగ్గా కావాల్సినప్పుడే ఇది జరుగుతుంది. వెల్లుల్లి కారం ఉండనివ్వండి, దాని పక్కన పప్పు, గుడ్డు, మునగాకు కూర కూడా ఉండాలని వాళ్లమ్మతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఎర్ర మాత్ర ఇంకో 180 రోజులు, పాలిస్తున్నా వేసుకోవచ్చు. ఆరు వారాలకు బిడ్డకు టీకా వేయించడానికి వెళ్తారు కదా, ఆ రోజే తల్లికి కూడా హిమోగ్లోబిన్ చూడమని అడగమనండి.